తేలిన గింజలు

ఆ పూలవిత్తనాల తోటలో ఆమెను అందరూ దారాలమ్మ అనేవారు. నడుమున ఎప్పుడూ వేలాడే చిన్న గుడ్డసంచే అందుకు కారణం. అందులో ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు దారాలు మూరెడేసి ముక్కలుగా ఉండేవి. సాయంత్రం ఎండ చల్లబడగానే ఆమె నీడపందిరి కిందికి వెళ్ళి, మరునాడు విచ్చుకోబోయే శంఖపుష్పం మొగ్గను పసిబిడ్డ ముక్కు పట్టుకున్నంత సుతారంగా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, సూదిమొన పట్టకారుతో రేకులు తప్పించి, లోపలి కేసరాలను ఒక్కొక్కటిగా గిల్లి పారవేసేది. శంఖపుష్పం గుట్టుగల పువ్వు. విచ్చుకోకముందే తన పుప్పొడిని తానే తాకించుకుని పని ముగించుకుంటుంది. తెల్లవారి తుమ్మెద వచ్చేసరికి, అది పెళ్ళయిపోయిన ఇంటికి వచ్చిన చుట్టంలా బిక్కమొహం వేయవలసిందే. కనుక ఆ పువ్వుకు వేరే సంబంధం కుదర్చదలచినవారు ముందునాటి సాయంత్రమే మేలుకోవాలి. ఉదయాన్నే మరొక తీగ పుప్పొడి తెచ్చి అద్ది, దేనికి దేనిని కలిపిందో గుర్తుగా తొడిమకు దారం కట్టేది.

"జాతకాలు కుదిరాయా అమ్మా?" అని ముసలి మాలి హాస్యమాడేవాడు.

"కుదిరాయి. అత్తగారు లేని సంబంధం, వదులుకోకూడదు," అనేది ఆమె, తల ఎత్తకుండా.

ఇది పదకొండేళ్ళ వ్రతం. శంఖపుష్పం ఎవరూ నాటకుండానే కంచెల మీదా పాడుగోడల మీదా పాకే తీగ. దాని పువ్వుకు ఒకటే పెద్ద రేకు, ముందు రెండు చిన్న రేకులు, వాటి చాటున మరి రెండు, అంతే. మందారంలో రేకమందారం, ముద్దమందారం ఉన్నట్టే దీనిలోనూ అరుదుగా ముద్దపువ్వు పుడుతుంది. పదకొండేళ్ళ క్రితం ఒక తీగలో ఒకానొక పువ్వుకు ఒక రేకు అధికంగా కనిపించింది. ఇంకెవరైనా అయితే చూసి, బాగుందని పోయేవారు. ఆమె దానికి దారం కట్టింది. ఆ గింజల బిడ్డల్లో, వాటి బిడ్డల్లో ఏరుకుంటూ, కలుపుకుంటూ, తప్పిపోయినప్పుడు మళ్ళీ మొదటికి వస్తూ, ఇప్పటికి అరచేతిలో అమరే నీలిముద్ద సాధించింది. రేకు వెనుక రేకు, ప్రతి రేకు అంచునా వెంట్రుకవాసి తెల్లని గీత. ప్రపంచంలో అటువంటి పువ్వు మరొకటి ఉన్నట్టు ఎవరూ వినలేదు.

తోట ఆమె తండ్రిది. తల్లి పోయేనాటికి చెల్లెలికి మూడేళ్ళు. ఆ పిల్లకు జడ వేసిందీ, జ్వరమొస్తే కాచుకుని కూర్చున్నదీ, పెళ్ళి చేసిందీ ఈమే. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు తీగలకు పందిరి వెయ్యనివ్వండి, తరవాత నాకు వేద్దురుగాని," అని నవ్వి దాటవేసేది. తండ్రి తరువాత తోట పెత్తనం చెల్లెలి భర్త చేతికి వచ్చింది. మరిది విత్తనాల దుకాణం ఉన్న ఇంట పుట్టినవాడు. గింజను అరచేతిలో వేసుకుని దాని తాతముత్తాతల పేర్లు చెప్పగలనని అతని ధీమా. ధీమా ఉన్నవాడు సాధారణంగా ఎవరినీ ఏదీ అడగడు.

కొత్త పూలజాతులను పరీక్షించి, సృష్టించినవారి పేర నమోదు చేసే సంఘం ఒకటి ఉండేది. ఒకనాడు ఆ సంఘం పత్రిక తోటకు వచ్చింది. దారాలమ్మ అప్పుడు గింజలు ఆరబోస్తోంది. పత్రికలో మరిది బొమ్మ. చేతిలో ఆమె పువ్వు. కింద అక్షరాలు: పదకొండేళ్ళ తపస్సు ఫలించిన వేళ. పువ్వుకు తన తల్లి పేరు పెడుతున్నట్టు ప్రకటన.

ఆమె పత్రికను మడిచి పక్కన పెట్టింది. మనిషికి ఆశ పోవడానికి వ్యవధి పడుతుంది. రాతలో పొరపాటు జరిగిందేమో, ఇంకొక పేరు చేర్చడం మరిచారేమో అనుకుంది. ఆ వారంలోనే పువ్వును చూడడానికి పదిమంది పెద్దమనుషులు వచ్చారు. మరిది వారికి నీడపందిరి చూపుతూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుని తన నిద్రలేని సాయంత్రాల సంగతి చెబుతున్నాడు. వారిలో ఒకాయన, పందిరి చివర పట్టకారుతో వంగి ఉన్న ఆమెను చూసి, "ఆవిడెవరు?" అని అడిగాడు.

"మా వదినగారండీ. ఇంట్లో ఖాళీగా కూచోలేరు. గింజలవీ ఏరిపెడుతుంటారు."

అందరూ మర్యాదగా నమస్కరించారు. ఆమె కూడా నమస్కరించింది. పట్టకారు ఇంకా వేళ్ళ మధ్యే ఉండడంచేత ఆ నమస్కారంలో దాని మొన అరచేతిలో దిగి చిన్న నెత్తుటిబొట్టు వచ్చింది. అది ఎవరూ చూడలేదు.

మరునాడు మరిది నీడపందిరి తాళంచెవి అడిగాడు. "పెద్దపెద్దవాళ్ళు వస్తూపోతూ ఉంటారు వదినా. మీరు విత్తనాలు కట్టే పొట్లాల గదిలో కూచుంటే హాయిగా ఉంటుంది. ఫ్యాను కూడా ఉంది."

"ఫ్యాను గాలికి గింజలు ఎగిరిపోతాయి మరిదిగారూ."

"అయితే ఆపేసుకోండి," అని నవ్వి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

క్షమ ఆభరణమని పెద్దలు చెప్పిన మాట ఆమెకు తెలియనిది కాదు. ఉదయం దీపం ముందు కూర్చుని ఆ శ్లోకం రోజూ చదివేదే. కాని ఆ రోజు నుంచి, శ్లోకం సగంలో ఉండగా 'గింజలవీ ఏరిపెడుతుంటారు' అన్న మాట ఎక్కడినుంచో వచ్చి మిగిలిన సగాన్ని మింగివేసేది. పుస్తకం మూసి, దేవుడి వంక చూసి, "ఇది మీ దగ్గర నేను దాచడం లేదు. నాకు వాడి తల వంగడం చూడాలని ఉంది," అని పైకే చెప్పింది. దేవుడికి అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

అవకాశం ఆమె వెతకలేదు. అదే ఆమె గదికి నడిచి వచ్చింది.

సంఘంవారు నియమం రాసి పంపారు. ముప్ఫై గింజలు ఆరుబయట విత్తాలి. ముప్ఫై తీగలూ ఒక్కలాంటి పూలు పూయాలి. పూత నాడు సంఘం మనిషి వచ్చి చూసి నమోదు చేస్తుంది. మరిది గింజలకోసం పొట్లాల గదికి వచ్చాడు. బల్లమీద రెండు డబ్బాలున్నాయి. చిన్నదానికి తెల్లదారం. అందులోవి అసలు ముద్దపువ్వు గింజలు, నలభై మూడు. పదకొండేళ్ళు లోలోపలే కలుపుకుంటూ రావడంచేత ఆ జాతి నీరసించింది. గింజలు ముడుతలుపడి, బక్కచిక్కి ఉండేవి. ఆ నీరసం పోగొట్టడానికే ఆమె గడిచిన ఏడు ముద్దతీగను కంచెమీది మొరటు తీగతో కలిపింది. ఆ కలయిక గింజలు పెద్ద డబ్బాలో ఉన్నాయి, ఎర్రదారంతో. నల్లగా, నిండుగా, నూనె రాసినట్టు మెరిసేవి. కాని వాటిని విత్తితే మొదటి తరమంతా అచ్చంగా కంచెతీగ పోలికే. ముద్దతనం లోపల దాగి, దాని బిడ్డల్లో నలుగురిలో ఒకరికి బయటపడుతుంది; తాత ముక్కు మనవడికి వచ్చినట్టు.

మరిది రెండు డబ్బాల మూతలూ తీశాడు. చిన్నదానిలోకి చూసి మొహం చిట్లించాడు. పెద్దదానిలోకి చూసి తల ఆడించాడు. ఆపైన, తాతల నాటినుంచి వారి దుకాణంలో చేస్తున్న పరీక్ష చేశాడు. రెండు గిన్నెల్లో నీళ్ళు తెప్పించి, ఒకదానిలో ఇవీ, ఒకదానిలో అవీ వేశాడు. పెద్ద డబ్బా గింజలు సీసపు గుళ్ళలా మునిగాయి. చిన్న డబ్బావి పైనే తేలాయి.

"చూశారా వదినా! మునిగింది విత్తనం, తేలింది తాలు. మా తాత మాట," అన్నాడు. మునిగినవాటిలో ముప్ఫై లెక్కపెట్టి గుడ్డలో మూట కట్టుకున్నాడు.

ఆ సమయంలో ఆమె నోటిలో ఒక మాట ఉంది. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఇవా అవా అని అతను ఒక్కసారి కళ్ళెత్తి చూసి ఉంటే జారి పడేదేమో. అతను చూడలేదు. ముద్దపువ్వు గింజ ఏదని తన పువ్వు గురించి తానే ఎలా అడుగుతాడు? ఆమె పెదవులు బిగించింది.

"తేలినవి పారేయించండి," అని గుమ్మం దాటాడు.

"అలాగే మరిదిగారూ," అంది ఆమె.

పారవేయమన్నది పారవేసినచోటునుంచి తీసుకుంటే దొంగతనం కాదు. నలభై మూడింటినీ గుడ్డమీద ఆరబెట్టి, ఒక్కొక్క గింజ పెంకునూ గరుకు కాగితం మీద రుద్ది, గోరువెచ్చని నీటిలో నానవేసి, తన గది మేడమీద కుండీల్లో నాటింది. ఇరవై తొమ్మిది మొలిచాయి. కింద తోటలో మరిది ముప్ఫై తీగలు ఏనుగుపిల్లల్లా బలిసి, పందిరి విరగబడేటట్టు పాకాయి. వచ్చినవారందరికీ అతను వాటి ఆకులు నిమిరి చూపించేవాడు. పువ్వులన్నీ ఒక్క ఉదయమే విరగబూసి సంఘంవారిని దిగ్భ్రమపరచాలని తొలిమొగ్గలను పుట్టినవి పుట్టినట్టే గిల్లించాడు. గిల్లే ముసలి మాలికి ఏదో అనుమానం తగిలింది.

"అయ్యా, మొగ్గ సన్నంగా ఉందే. ముద్దదైతే బుడ్డలా ఉండాలి గదా."

"నీ వయసుకి ఏది చూసినా సన్నంగానే కనిపిస్తుంది. గిల్లు."

ముసలివాడు గొణుక్కుంటూ దారాలమ్మ గది కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, తమరికి తెలీకుండా ఉండదు."

"నేను గింజలు ఏరే మనిషిని తాతా. మొగ్గల సంగతి నాకేం తెలుస్తుంది?"

అతను ఆమె మొహం చూశాడు. ఆపైన అంతా అర్థమైనవాడిలా తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు.

సంఘం మనిషి రావడానికి మూడు రోజులుందనగా చెల్లెలు మేడమెట్లు ఎక్కి వచ్చింది. ఆ పిల్లా ఈ తోటలో పుట్టి పెరిగినదే. చేతిలో ఒక మొగ్గ ఉంది. సన్నగా, చిలుకముక్కులా వంపు తిరిగి. మాట్లాడకుండా ఆ మొగ్గను అక్క మేడమీది తీగ మొగ్గ పక్కన పెట్టింది. అక్కడివి లావుగా, గుండ్రంగా, బుగ్గలు పూరించిన పసివాడి మొహంలా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి తెలుసక్కా నీకు?"

"మీ ఆయన మూట కట్టుకున్నప్పటినుంచి."

"ఎదురుగా ఉండి ఊరుకున్నావా?"

"ఎదురుగా ఉండే ఊరుకున్నాను. చాటున ఊరుకుంటే అదేం ఊరుకోవడం?"

చెల్లెలు కుండీల మధ్య కూలబడింది. "మూడు రోజులుంది. ఇవి ఇరవై తొమ్మిదున్నాయి. మట్టిగడ్డతో సహా దించి అక్కడ పాతేద్దాం. అవి పీకేద్దాం. ఎవరికీ తెలీదు. నా మొహం చూసి ఒప్పుకో."

"నీ మొహం చూసే ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను తల్లీ. పత్రికలో ఆయన బొమ్మ వచ్చిన రోజున నువ్వు నా మొహం చూశావా?"

"చూశాను. అందుకే ఆ రాత్రే ఆయన్ని అడిగాను, అక్క పేరు కూడా పక్కన వేయించండీ అని. మీ అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒక్కటే బుర్ర ఇచ్చాడు దేవుడు, అది కూడా మీ అక్క దగ్గరే ఉంది, నీకు పని చెయ్యదు, అన్నారు."

"మరింకేం. నీకు కూడా సంతోషంగా ఉండాలే."

"పదిమందిలో తల వంచుకునేది ఆయనొక్కరేనా? పక్కన నేనుండనా?" చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. "నన్ను పెంచింది ఇందుకా?"

ఆ మాట తగలవలసినచోటే తగిలింది. దారాలమ్మ ఒక కుండీ మీద చెయ్యి వేసింది. ఇవ్వాలనిపించింది. కాని ఇస్తే ఆ పువ్వు శాశ్వతంగా అతని తల్లి పేరుతో పూస్తుంది. పెరటిలో ఎవరో దానిని నాటుకుని ఆ పేరుతోనే పిలుస్తారు. తాను పోయినా ఆ పేరు పోదు.

"దించను," అంది. "వెళ్ళి చెప్పుకో. నీ మొగుడు, నీ ఇష్టం. ఇప్పటికైనా వచ్చి, వదినా ఇవి నీ తీగలు అని ఒక్క మాట అనమను, నా చేత్తో నేనే దించి పాతుతాను."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, మొగ్గను అక్కడే వదిలి, మెట్లు దిగింది. ఆ సాయంత్రం దారాలమ్మ మెట్లవైపు చెవి పెట్టి కూర్చుంది. మరునాడు కూర్చుంది. మూడవనాడు కూడా కూర్చుంది. మరిది రాలేదు. కింద అతను కుర్చీలు వేయిస్తూ, పందిరి స్తంభాలకు రంగు వేయిస్తూ, పాట పాడుకుంటూ తిరుగుతున్నాడు. చెల్లెలు చెప్పలేదా, చెప్పినా అతను నమ్మలేదా అన్నది ఆమెకు అంతుబట్టలేదు.

సంఘంనుంచి వచ్చినది ఒక వృద్ధురాలు. మెడలో గొలుసుకు భూతద్దం, వెనుక పుస్తకం పట్టుకున్న గుమాస్తా. అతిథులు యాభైమంది ఉంటారు. ఉదయపు ఎండ పందిరి మీదికి పాకేసరికి, గిల్లించి గిల్లించి ఆపిన పూత ఒక్కసారిగా విచ్చుకుంది. వందలకొద్దీ పువ్వులు. ముప్ఫై తీగలూ ఒక్కలాగే, నియమం తప్పకుండా పూశాయి. ఒకే పెద్ద రేకు, ముందు రెండు చిన్నవి. అచ్చమైన రేకపువ్వు.

మరిది పందిరి కిందికి పరుగెత్తాడు. ఒక పువ్వు తుంచి లోపలేమైనా దాగి ఉందేమోనన్నట్టు విప్పి చూశాడు.

వృద్ధురాలు భూతద్దం ఎత్తనేలేదు. "బాగా పెంచారు," అంది. "ఈ పువ్వు మా ఇంటి వెనక మురుగుకాలవ గట్టుమీద కూడా ఉంది. దానికి ఎవరి తల్లి పేరు పెట్టాలో మాకు ఇన్నాళ్ళూ తోచలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు కుర్చీ నుంచి కుర్చీకి నిప్పురవ్వలా పాకింది. ముసలి మాలి తలపాగా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దారాలమ్మ గోడవార నిలబడి ఉంది. ఈ ఘడియకోసం ఆమె ఎన్ని ఉదయాలు శ్లోకాలు మధ్యలో వదిలేసిందో ఆమెకే లెక్క లేదు. అతని చెవులు ఎర్రబడడం, మెడమీది నరం తేలడం, నవ్విన ప్రతివాడి మొహాన్నీ గుర్తుపెట్టుకోవాలని అతని కళ్ళు పరుగెత్తడం, అన్నిటినీ ఆమె తీరికగా, ఆకలిగొన్నవాడు మెతుకు మెతుకూ నమిలినట్టు చూసింది.

మరిది ఆమెవైపు తిరిగాడు. మర్యాద కట్టు తెంచుకుంది. "ఏం గింజలిచ్చావు నాకు?"

"నేనివ్వలేదు. మీరు తీసుకున్నారు."

"అమ్మా, ఈవిడ మాట నమ్మకండి!" అని అతను వృద్ధురాలి ముందుకు ఉరికాడు. "ఇదంతా ఈవిడ పనే. పదకొండేళ్ళనుంచి ఆ పందిరి కింద మొగ్గలు విప్పింది ఈవిడ, పుప్పొడి అద్దింది ఈవిడ, దారం కట్టింది ఈవిడ, గింజ తీసింది ఈవిడ! ఏ డబ్బాలో ఏముందో ఈవిడకి తప్ప ఇంకెవడికీ తెలీదు. నాకేం తెలుసు? నాకు ఆ పువ్వు సంగతి ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు!"

"కొంచెం మెల్లిగా చెప్పండి," అంది వృద్ధురాలు. గుమాస్తావైపు తిరిగి, "రాసుకుంటున్నావా నాయనా? మొగ్గలు విప్పింది ఎవరన్నారు?"

అప్పటికి గాని తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఆసరాకోసం భార్యవైపు చూశాడు. "నువ్వైనా చెప్పలేదేమే? ఇక్కడే పుట్టావు కదా, చూస్తే తెలీదా?"

"మొగ్గ చూడగానే తెలిసిందండీ," అంది చెల్లెలు, పమిట చెంగు సర్దుకుని, పదిమందికీ వినిపించేటట్టు. "మీకు తెలీదని మాత్రం నాకు తెలీదు. మీరు సృష్టించిన జాతి కదా!"

ఈసారి నవ్వు ఎవరూ దాచుకోలేదు.

నవ్వు తగ్గాక వృద్ధురాలు దారాలమ్మను అడిగింది. "అసలు తీగలు ఉన్నాయా?"

"మేడమీద ఉన్నాయి."

ఆవిడ మోకాళ్ళమీద చేతులు ఆనించుకుంటూ మెట్లెక్కింది. వెనుకనే గుమాస్తా, మరిది, చెల్లెలు. కుండీల్లో తీగలు బక్కగా, వెదురుపుల్లలను పట్టుకుని నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదానికి నాలుగైదు పువ్వులకంటే లేవు. వృద్ధురాలు ఇప్పుడు భూతద్దం ఎత్తింది. ఒక పువ్వు చూసి, రెండోది చూసి, ఇరవై తొమ్మిది తీగలూ చూసింది.

"దీన్ని మీ పేర ఇవాళే రాయవచ్చు," అంది చివరికి. "తీగ ఒకటి తక్కువైనా నా పూచీమీద రాస్తాను. ఆయనే సాక్ష్యం చెప్పారు కనక తగాదా కూడా లేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడక్క తప్పదు. తెలిసి తప్పుడు విత్తనం చూపించిన తోటనుంచి మూడేళ్ళు మేం ఏదీ తీసుకోం. ఆయన వేరే డబ్బా పట్టుకెళ్తున్నారని మీకు అప్పుడు తెలుసా?" ఒక్క క్షణం ఆగి, మెత్తగా అంది. "తెలియకపోవడం కూడా సహజమే. డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి కదా."

తలుపు తెరిచి పట్టుకున్నంత స్పష్టంగా ఉంది ఆ మాట. తెలియదంటే చాలు, పువ్వు తనది అవుతుంది.

"పొరపాటే అయ్యుంటుంది!" అన్నాడు మరిది ఆత్రంగా. అతని మొహంలో రక్తం తిరిగి వచ్చింది. "ఇంట్లో మనుషుల మధ్య జరిగే పొరపాటు. డబ్బాలు మారిపోయాయి, అంతే. అంతే కదా వదినా?"

అతను తేరుకోవడం ఆమె చూసింది. తెలియదని తానంటే, ఈ పరాభవం రేపటికి ఒక పొరపాటు అవుతుంది. డబ్బాలు మారాయట అని ఊరంతా జాలిపడుతుంది. అతను ఆ కథను నవ్వుతూ చెప్పుకుంటాడు. తన చేయి దీనిలో ఉన్నదని ఎవరికీ తెలియదు. అతనికి కూడా తెలియదు. పేరు వస్తుంది, పగ పోతుంది. రెండిటినీ చెరొక చేతిలో పట్టుకుని ఆమె ఒక్క నిమిషం నిలబడింది. సత్యం పలకడానికి మనిషిని ధర్మమే ప్రేరేపించాలని లేదు. ఆ పూట ఆమెను ప్రేరేపించినది ధర్మం కాదు.

"పొరపాటు కాదు," అంది. "తెలుసు. ఆయన మునిగిన గింజలు ఏరుకుంటుంటే ఎదురుగా నిలబడి చూశాను. మొలిచినప్పుడు చూశాను. మొగ్గలు గిల్లిస్తుంటే చూశాను. ప్రతిరోజూ తెలుసు."

ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆమె వృద్ధురాలిని చూడలేదు. మరిది కళ్ళలోకే చూసింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నవ్వులు తగిలినప్పుడు కూడా అతను అంతగా తెల్లబోలేదు.

వృద్ధురాలు నిట్టూర్చి భూతద్దం వదిలేసింది. "మూడేళ్ళు, అమ్మా. నేనుంటే నేను వస్తాను. లేకపోతే మీ మరిది మాటలు రాసుకున్న ఈ పుస్తకం ఉంటుంది."

"పదకొండేళ్ళు ఆగినదాన్ని. మూడేళ్ళు నాకు లెక్క కాదు."

లెక్క కాకపోలేదు. ఆ బక్కజాతి మూడేళ్ళు నిలుస్తుందో లేదో ఆమెకే నమ్మకం లేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందరూ వెళ్ళిపోయాక అక్కాచెల్లెళ్ళిద్దరే మేడమీద మిగిలారు.

"చెప్పడానికే వెళ్ళానక్కా ఆ రోజు," అంది చెల్లెలు. "అన్నం వడ్డిస్తూ నోరు తెరిచాను. ఈలోగా ఆయనే అన్నారు, పూత నాడు మీ అక్కని కిందికి రానివ్వకు, గోళ్ళనిండా మట్టి, చూసేవాళ్ళకి బాగుండదు అని. ఆ గోళ్ళతోనే కదా నువ్వు నాకు అన్నం కలిపి పెట్టావు. పప్పు గరిటె గిన్నెలో పెట్టేసి వచ్చేశాను."

"ఇప్పుడింట్లో నిన్ను బతకనిస్తాడా?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. బుర్ర నీ దగ్గరుంటే ఏం, నోరు నా దగ్గరే ఉంది," అని చెల్లెలు కిందికి వెళ్ళింది.

ఎండ వాలుతుండగా మెట్లమీద అడుగులు వినిపించాయి. మరిది. గొడవకు వచ్చాడనుకుని ఆమె లేచి నిలబడింది. కాని అతను ఆమెవైపు రాలేదు. కుండీల వద్ద వంగి, ఒక పువ్వును వేలితో ఎత్తి చూశాడు. తెల్లగీత చూశాడు. రేకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. తన పేరున ఊరూరా చాటిన పువ్వును అతను నింపాదిగా చూడడం అదే మొదలు.

"ఇదేనా వదినా?" అన్నాడు. గొంతులో పెత్తనం లేదు.

"ఇదే."

నేల చూస్తూ అడిగాడు. "ఆ రోజు... ఏ డబ్బా అని నేను అడిగి ఉంటే చెప్పేదానివా?"

ఆమె ఆలోచించింది. చెప్పేదో, చెప్పకపోయేదో ఆమెకు నిజంగా తెలియదు. తాళంచెవి, పత్రిక, నమస్కారంలో దిగిన పట్టకారు మొన, ఇవన్నీ అప్పటికే మనసులో ఉన్నాయి. అడిగినా పెదవి విప్పేది కాదేమో. ఆ మాటే అంటే ఇతనికి ఊరట కలుగుతుంది. ఎలా చేసినా ఇంతే అయ్యేదని, వదిన పగబట్టిందని, తన చేతిలో ఏమీ లేదని సమాధానపడి, కొన్నాళ్ళకు హాయిగా నిద్రపోతాడు.

"చెప్పేదాన్ని," అంది. "ఒక్కమాట అడిగితే చాలు, చెప్పేదాన్ని."

అతని వేలినుంచి పువ్వు జారి ఊగింది. ఒక్కొక్క మెట్టు తడుముకుంటూ దిగి వెళ్ళిపోయాడు. ఆమె కుండీలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.